మిరియం కాలికి ఏడాది అడిగిన మనిషి

లాడాల బాబాయ్ గారు పోయారని ఆయన పెద్ద కూతురు గురువారం ఉదయం ఫోన్ చేసి చెప్పింది. "నిద్దట్లోనే ఎల్లిపోయారక్కా. నమాజుకి లేపుదామని ఎల్తే లెగలేదు" అంది. నేనిప్పుడు రాజమండ్రి దగ్గర పశువుల డాక్టర్ని. అప్పటికే ఆసుపత్రి వరండాలో ఒక గేదె, రెండు మేకలు వచ్చి ఉన్నాయి. వాటిని చూసి పంపేసి, దొరికిన రైలెక్కి విశాఖపట్నం బయలుదేరాను. తుని దాటేదాకా కిటికీలోంచి ఏం చూశానో నాకు గుర్తు లేదు.

గుర్రాలకు లాడాలు కొట్టే మనిషి పోతే పేపర్లో రాదు. అందుకే నాకు తెలిసినంత నేను రాస్తున్నాను.

ఆయన పాత ఊళ్లో, రేవుకు దగ్గర్లో ఒక సందులో పుట్టారు. తండ్రి జట్కా గుర్రాలకీ, రేవులో సరుకు లాగే ఎడ్లకీ లాడాలు కొట్టేవారు. బాబాయ్ గారి చేతికి సుత్తి వచ్చాక కొన్నేళ్లకే ఆటోలొచ్చి జట్కాలు పోయాయి. నేను ఆయన్ని కలిసేసరికి, అంటే తొంభైల చివర్లో, బీచిలో పిల్లల్ని ఎక్కించుకు తిప్పే గుర్రాలు, పెళ్లి ఊరేగింపు గుర్రాలు, సబ్బవరం దగ్గర కెప్టెన్ గారి తోటలో ఉన్న ఆరు గుర్రాలు మాత్రమే ఆయనకు మిగిలాయి. కెప్టెన్ గారు ఓడల్ని రేవులోకి తీసుకొచ్చే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. జీడిమామిడి తోటలో పాక వేసి గుర్రాలు పెంచేవారు. వాటిని దూరప్రయాణం పోటీలకు తయారుచేయడం ఆయన సరదా. ఆ పోటీల్లో ఒక గుర్రం ఒకే రోజున నలభై కిలోమీటర్లు, ఒక్కోసారి అరవై కిలోమీటర్లు వెళ్తుంది. వేగంగా వచ్చినంత మాత్రాన చాలదు. చివర్లో డాక్టర్లు చూసినప్పుడు కుంటకుండా నిలబడాలి.

నాకప్పుడు సబ్బవరం వైపు కొత్తగా పోస్టింగ్ వచ్చింది. మాది కృష్ణా జిల్లా. ఆవులూ గేదెలూ తెలుసు గానీ, కాలేజీలో గుర్రం గురించి చదివింది పరీక్ష రాయడానికే సరిపోయింది. కెప్టెన్ గారు పిలిస్తే మొదటిసారి ఆ తోటకు వెళ్లిన రోజున, పాక ముందు ఒక పెద్దాయన గొంతుక్కూర్చుని గుర్రం ముందు కాళ్లను అరచేతి వెనకవైపుతో పైనుంచి కిందకి నిమురుతున్నారు. బక్క మనిషి, తెల్ల గడ్డం, మోకాళ్ల మీద తోలు గుడ్డ. నేనెవరో తెలిసి లేచి నిలబడబోయారు. నేను వద్దని, ఏ కాలికి దెబ్బ తగిలిందని అడిగాను.

"దేనికీ తగల్లేదమ్మా. ఊరికే సూత్తన్నాను."

"బాగున్నదాన్ని చూడడం ఎందుకండీ?"

"బాగున్న కాలు ఎలాగుంటాదో సెయ్యికి తెలీకపోతే, బాగోని రోజున ఏటి తెలుస్తాది డాక్టరమ్మా?"

అలా మొదలైంది. అప్పట్నుంచీ నేను ఆయన్ని బాబాయ్ గారూ అనేదాన్ని. ఆయన నన్ను చివరిదాకా డాక్టరమ్మా అనే పిలిచారు.

ఆ ఆరింటిలో మిరియం అనే ఆడగుర్రం ఉండేది. తెల్లటి ఒంటి మీద నల్లటి చుక్కలు, మిరియాల పొడి చల్లినట్టు. స్టీల్‌ప్లాంటు టౌన్‌షిప్‌లో ఒక బడిలో ఆటలు నేర్పే టీచరు సెలవురోజుల్లో వచ్చి దాన్ని స్వారీ చేసేది. సన్నగా, ఎక్కువ మాట్లాడని అమ్మాయి. మిరియం ఆమె దగ్గర తప్ప ఎవరి దగ్గరా నిమ్మళంగా ఉండేది కాదు. ఆ చలికాలంలో తగరపువలస దగ్గర బయలుదేరి భీమిలి తీరం వెంట తిరిగి వచ్చే నలభై కిలోమీటర్ల పోటీ ఒకటి పెట్టారు. కెప్టెన్ గారు మిరియాన్ని పంపాలనుకున్నారు.

పోటీకి పది రోజుల ముందు బాబాయ్ గారు నన్ను పిలిపించారు. ఎడమ ముందు కాలు వెనకవైపు కొంచెం వేడిగా ఉందన్నారు. నేను నొక్కి చూశాను. నాకు తెలియలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కితే మిరియం కాలు లాక్కుంది.

గుర్రం కాలి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మోకాలి కింద ఎముకకు వెనక ఒక బలమైన పట్టీ ఉంటుంది. గిట్టకు పైనున్న కీలు నేల మీదకు కుంగిపోకుండా దాన్ని మోసేది ఆ పట్టీయే. పుస్తకాల్లో సస్పెన్సరీ లిగమెంటు అంటారు. బాబాయ్ గారు మోత నరం అనేవారు. దూరాలు పోయే గుర్రాలకు అన్నిటికన్నా ముందు అలిసిపోయేది అదే. ఎముక విరిగితే అందరికీ కనిపిస్తుంది. ఇది మాత్రం నాలుగు పోగులు తెగినా బయటికి చెప్పదు. కొంచెం వేడి, కొంచెం వాపు, అంతే.

నేను నాలుగు రోజులు నొప్పికీ వాపుకీ మందిచ్చాను. పోటీ నిబంధన ప్రకారం ఆ తర్వాత ఆపేశాను. వేడి తగ్గింది. గట్టినేల మీద పరుగెత్తిస్తే అడుగు తేడా లేదు. కెప్టెన్ గారు ఆత్రంగా అడిగారు, నేను వెళ్లొచ్చన్నాను. బాబాయ్ గారు పక్కనే ఉన్నారు. కెప్టెన్ గారు లోపలికి వెళ్లాక నెమ్మదిగా అన్నారు:

"నొప్పి పోయిందమ్మా. దెబ్బ పోలేదు."

"పరుగులో ఏమీ లేదు కదా బాబాయ్ గారూ."

"గట్టినేల మీద లేదు. ఇసకలో తిప్పి సూడండొకసారి. ఈ పోటీ కాపోతే ఇంకోటొస్తాది."

నాకు రోషం వచ్చింది. డాక్టర్ని నేను, చదువుకున్నది నేను అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు గానీ మొహంలో కనిపించే ఉంటుంది. ఆయన కూర్చుని దాని లాడాలు సరిచూశారు.

పోటీ రోజున, దారి మధ్యలో డాక్టర్లు గుర్రాల్ని ఆపి చూసే మొదటి ఆపులో మిరియం బాగానే ఉంది. గుండె వేగం చూశారు, పరుగెత్తించి చూశారు, పంపారు. ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గర సరుగుడు తోట దాటాక దారి మెత్తటి ఇసకలో పడుతుంది. అక్కడ దాని అడుగు తప్పింది. టీచరు వెంటనే దిగిపోయింది. గుర్రాన్ని ఒక్క అడుగు కూడా వేయనివ్వకుండా పట్టుకుని నిలబడి, వెనకొచ్చే వాళ్లతో కబురు పంపింది. మేం జీపులో వెళ్లేసరికి ఎండలో అలాగే నిలబడి ఉంది, మిరియం తల తన భుజం మీద ఆనించుకుని. ఎడమ కాలి కీలు కుడిదాని కన్నా కిందకి దిగి ఉంది.

బాబాయ్ గారు తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి సముద్రంలో తడిపి తెచ్చి కాలికి చుట్టారు. చుడుతూ ఆ అమ్మాయితో అన్నారు: "దిగి మంచి పని సేసావమ్మా. ఇంకో వంద గజాలు తోలుంటే మొత్తం తెగిపోయీది."

నాతో ఏమీ అనలేదు. ఆ రోజు ఆయన నన్ను తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

రెండు రోజుల తర్వాత కెప్టెన్ గారు పాక ముందు కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పారు. "దీని పని అయిపోయింది. ఊరేగింపులకి తిప్పేవాళ్లు అడుగుతున్నారు, ఇచ్చేద్దాం." ఆయన చెడ్డవాడు కాదు. ఆరు గుర్రాలను మేపడం ఆయనకూ భారంగానే ఉండేది.

బాబాయ్ గారు చేతులు తుడుచుకుని ముందుకొచ్చారు. "బాబూ, ఊరేగింపంటే తారు రోడ్డు మీద గంటలకి గంటలు నిలబెడతారు. బేండు సప్పుడుకి గెంతిస్తారు. ఆ కాలు రెండు నెలలు ఆగదు. నాకో ఏడాది ఇవ్వండి."

"ఏడాదా? నెలా రెండు నెలలూ అంటే అర్థముంది."

"ఏడాదేనండి. తక్కువైతే నాకొద్దు."

అప్పుడు నేను చెప్పాను. "సర్, తప్పు నాది. బాబాయ్ గారు ముందే వద్దన్నారు. నేను వినలేదు." కెప్టెన్ గారు నా వైపు తిరిగారు. ఆ మాట ఆయనకు అప్పటిదాకా తెలియదు. "అయితే ఆ ఏడాది నువ్వు కూడా ఇవ్వాలి" అని లేచి వెళ్లిపోయారు.

ఇచ్చాను. నా ఉద్యోగంలో నేను బాగా నేర్చుకున్న ఏడాది అదే.

మొదటి రోజులన్నీ చల్లదనంతోనే గడిచాయి. తోటలో నుయ్యి ఉంది గానీ ఆ నీళ్లు చాలవన్నారు బాబాయ్ గారు. తెల్లారేసరికి ఫిషింగ్ హార్బరుకు వెళ్లి, చేపల పెట్టెల్లో వేయగా మిగిలిన ఐసు ముక్కల్ని గోనెసంచిలో ఊకపొట్టు వేసి కట్టుకుని మొదటి బస్సులో సబ్బవరం వచ్చేవారు. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. చేపలు వేరుచేస్తున్న ఒకామె ఐసు సంచిలో పోస్తూ అడిగింది.

"రోజూ అట్టుకెల్తన్నావు, గుర్రానికి జొరమా ఏటన్నా?"

"ఒంటికి లేదు సెల్లెమ్మా. కాలికొక్కదానికే జొరం."

"మా ఆయనకి మోకాలు నొప్పి. ఆయనకీ ఇదే ఎట్టమంటావా?"

"ఎట్టు. గానీ మీ ఆయన్ని కట్టీసి ఉంచాల, నడవనీకుండా."

ఆమె ఎంతగా నవ్విందంటే పక్కవాళ్లందరూ తిరిగి చూశారు.

ఐసును నేరుగా ఆనించకుండా తడిగుడ్డలో చుట్టి ఇరవై నిమిషాలు, తర్వాత విరామం, మళ్లీ. ఆ పైన దూది వేసి కట్టు. దెబ్బ తగిలిన కాలికే కాకుండా రెండో ముందు కాలికీ కట్టేవాళ్లం. బరువంతా అదే మోస్తోంది కనక దాన్నీ కాపాడాలి. కట్టు బిగిస్తే రక్తం ఆగుతుంది, వదులైతే జారిపోతుంది. నేను కట్టినవి మొదట్లో అన్నీ జారిపోయేవి. ఆయన విప్పించి మళ్లీ కట్టించేవారు. ఎన్నిసార్లయినా విసుక్కునేవారు కాదు.

అన్నీ ఆయన చెప్పినట్టే జరగలేదు. పదిహేను రోజులయ్యాక వాతలు పెడదామన్నారు. "మా అయ్య మోత నరానికి వాతలే ఎట్టీవోడు. సానా గుర్రాలు లెగిసేయి."

"వద్దు బాబాయ్ గారూ. కాల్చితే లోపలి నరం బాగుపడదు. దానికి బాధ తప్ప ఇంకేం లేదు" అన్నాను. ఈసారి నాకు రోషం లేదు, భయమే ఉంది. ఆయన మనసు నొచ్చుకుంటుందేమోనని.

రెండు రోజులు ఆలోచించారు. మూడో రోజు బస్సు దిగుతూనే చెప్పారు. "మీరన్నది నిజమేనమ్మా. వాతెట్టినాక మా అయ్య మూన్నెల్లు గుర్రాన్ని కదలనిచ్చీవోడు కాదు. ఆ మూన్నెల్లే మందు. వాత ఊరికే." ఆ వయసులో తండ్రి చేసిన పనిని అలా విప్పి చూసుకోవడం చిన్న విషయం కాదు. పోటీకి ముందు నేను చేయలేనిది అదే.

మిరియం గిట్టల ముందుభాగం పొడుగు పెరిగి, మడమ పల్లంగా ఉండేది. దానివల్ల ప్రతి అడుగుకీ మోత నరం ఎక్కువ సాగుతుంది. మా ప్రొఫెసరు గారికి ఉత్తరం రాస్తే, వెనకవైపు మూసి ఉండే లాడం బొమ్మ ఒకటి జెరాక్సు తీసి పంపారు. కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. మడమ వెనక్కి కూడా ఆనిక ఇస్తుంది. బాబాయ్ గారికి ఇంగ్లిషు రాదు. బొమ్మను నేల మీద పెట్టి, కొలిమి పక్కన కూర్చుని మూడు లాడాలు పాడుచేశారు. నాలుగోది సరిగా కుదిరింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్నేళ్లూ ఇది నాకు తట్టలేదు సూడండి" అన్నారు. నిజంగా ఆశ్చర్యపోయారు, పసివాడిలా.

తర్వాత నడక. మొదట రోజుకు ఐదు నిమిషాలు, గట్టినేల మీద, తాడు పట్టుకుని. తోట దారి పక్కన కరెంటు స్తంభాలుండేవి. బాబాయ్ గారికి వాటితోనే లెక్క. మొదటి వారం రెండు స్తంభాల దాకా వెళ్లి వెనక్కి. వారం తర్వాత మూడు. కాలు ఏ రోజైనా వేడిగా ఉంటే ఒక స్తంభం తగ్గించేవారు. బయట తిరగడం తప్ప ఏమీ తెలియని గుర్రం పాకలో నిలబడి నిలబడి చిరాకుపడేది, గోడను తన్నేది. టీచరు ఆదివారాలు వచ్చి దాని పక్కన కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకునేది. అది ఆమె జడ నమిలేది.

మూడో నెలకు నాకే ఆగలేదు. కాలి వాపు తగ్గింది, కుంటు లేదు. "కొంచెం పరుగెత్తిద్దామా?" అన్నాను. ఆయన పాత సంగతి ఎత్తనేలేదు.

"సూడ్డానికి బాగుందమ్మా. బాగున్నట్టు కనిపించినప్పుడే నాకు బయం ఎక్కువ."

కెప్టెన్ గారికి తెలిసిన ఒక డాక్టరు స్కానింగ్ మిషను కారులో పెట్టుకుని తోటకు వచ్చారు. మనుషుల్ని చూసే మిషను. తెర మీద నరం తెల్లగా కనిపించాలి. మధ్యలో శనగగింజంత నల్లటి మచ్చ ఉంది. ఇంకా మానలేదు. నేనన్నట్టు పరుగెత్తించి ఉంటే అక్కడే మళ్లీ తెగేది. ఏడో నెలలో మళ్లీ చూస్తే మచ్చ పూడిపోయి, అక్కడ కొత్త పోగులు గీతలు గీతలుగా కనిపించాయి. అప్పుడు మొదలుపెట్టాం చిన్న పరుగు, రెండు స్తంభాల మధ్య మాత్రమే.

ఆ ఏడాదిలోనే ఆయన నడుము బాగా వంగిపోయింది. జీవితమంతా గుర్రం కాలు ఒళ్లో పెట్టుకుని వంగిన నడుము. నేను బలవంతంగా ఎముకల డాక్టరు దగ్గరకు పంపాను. నెల విశ్రాంతి రాశారు. మూడో రోజు ఐసు సంచి లేకుండా, ఖాళీ చేతులతో తోటకు వచ్చారు. నేను కోప్పడ్డాను.

"గుర్రానికైతే సెప్పగలను డాక్టరమ్మా. నాకు నాను సెప్పుకోలేకపోతన్నాను" అన్నారు నవ్వుతూ.

ఏడాది దాటి రెండు నెలలకు మళ్లీ అదే తీరంలో పోటీ వచ్చింది. నలభై కిలోమీటర్లు మిరియానికి ఇక వద్దని టీచరూ, బాబాయ్ గారూ, నేనూ అనుకున్నాం. ఇరవై కిలోమీటర్లకు పేరిచ్చాం. ఆపులో డాక్టర్లు పరుగెత్తించి చూస్తుంటే నేను కళ్లు మూసుకున్నాను. పంపారు. చివరి ఐదు కిలోమీటర్లలో సముద్రం పోటు మీదుంది. తడిసి గట్టిపడిన ఇసక నీళ్లలో మునిగిపోయి, పైనున్న మెత్తటి ఇసకే మిగిలింది. మిగతావాళ్లు తోలుకుని పోయారు. మా టీచరు మాత్రం దిగి, కళ్లెం పట్టుకుని, ఆ మెత్తటి ఇసకంతా మిరియం పక్కన నడిచింది. అందరికన్నా చివర వచ్చారు ఇద్దరూ. కెప్టెన్ గారి మొహం మొదట చిన్నబోయింది. తర్వాత ఆయనే ముందుకెళ్లి ఆ అమ్మాయికి నీళ్లిచ్చారు.

డాక్టర్లు చూసి సరేనన్నాక బాబాయ్ గారు మోకాళ్ల మీద కూర్చున్నారు. ముందు కుడి కాలు, తర్వాత ఎడమ కాలు. అరచేతి వెనకవైపుతో పైనుంచి కింద దాకా. అక్కడే చాలాసేపు చెయ్యి ఉంచారు.

"సల్లగా ఉందమ్మా" అన్నారు.

నేను వెళ్లి జీపు వెనక నిలబడి ఏడ్చాను.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో టీ తాగడానికి ఆగాం. అప్పుడు అడిగాను, ఏడాదిగా నాలో ఉన్న మాట. "మొదటిసారి నేను తప్పు చేశానని కెప్టెన్ గారికి మీరెందుకు చెప్పలేదు బాబాయ్ గారూ?"

గ్లాసులోకి చూస్తూ అన్నారు. "నాను సెప్పీసుంటే మీరు మరి నన్నేటీ అడగరు. మీరు అడగడం మానేస్తే నట్టం నాకు కాదు, గుర్రానికి."

తర్వాత నాకు బదిలీ అయింది. సబ్బవరంలో తోటలు ప్లాట్లయ్యాయి, కెప్టెన్ గారి పాక ఉన్నచోట కాలనీ వచ్చింది. మిరియాన్ని టీచరు వాళ్ల నాన్న తగరపువలస దగ్గర తన మామిడితోటలో పెట్టుకున్నారు. అది ఆ కాలితోనే ఇంకా ఆరేళ్లు బతికి, ముసలిదై పోయింది. బాబాయ్ గారు బీచి గుర్రాలకు లాడాలు కొట్టడం మానలేదు. వంగలేకపోయినప్పుడు స్టూలు వేసుకుని కూర్చుని, గుర్రాలు తిప్పేవాళ్లకు చెప్పి చేయించేవారు. నేను వైజాగ్ వచ్చినప్పుడల్లా వెళ్లేదాన్ని. నా ఆసుపత్రికి వచ్చిన కేసులన్నీ అడిగేవారు, ఆవుల గురించి కూడా. కిందటి ఏడాది నా చెయ్యి పట్టుకుని వేళ్లు తడిమి చూసి, "పని సేత్తన్న సెయ్యే" అన్నారు. నాకు వచ్చిన బిరుదు అదొక్కటే.

గురువారం నేను ఆ సందులోకి అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మగవాళ్లందరూ జనాజాతో ఖననానికి వెళ్లిపోయారు. ఇంట్లో ఆడవాళ్ల మధ్య ఆయన కూతురు పక్కన కూర్చున్నాను. కాసేపటికి గాలి కోసం గుమ్మంలోకి వచ్చాను.

సందులో గోడ పొడుగునా గుర్రాలు కట్టి ఉన్నాయి. ఐదు. బీచిలో తిప్పేవి. కబురు తెలిసి వాటి యజమానులు పొద్దున్నే వాటితోనే వచ్చేసి, ఇక్కడ కట్టేసి, ఆయన్ని మోసుకుంటూ వెళ్లారట. మెడల్లో పూసలు, నుదుటి మీద ఎర్ర కుచ్చులు, జీనుల మీద అద్దాల గుడ్డలు, అన్నీ అలాగే ఉన్నాయి. సందు ఎంత ఇరుకంటే ఒక స్కూటరు రాలేక మలుపులో ఆగిపోయింది. ఎవరూ హారన్ కొట్టలేదు. ఎదురింటావిడ కొంగు తల మీదుగా సర్దుకుని, ఒక ప్లాస్టిక్ బక్కెట్టుతో నీళ్లు తెచ్చి మొదటి గుర్రం ముందు పెట్టింది. అది తాగింది. ఆవిడ బక్కెట్టు ఎత్తి రెండోదాని దగ్గరకు జరిపింది, తర్వాత మూడోదాని దగ్గరకు. రేవు వైపు నుంచి గాలి వచ్చి కుచ్చులు కదిలాయి. తాగేసిన గుర్రం తల ఎత్తి సందు చివరి వైపు, మగవాళ్లు వెళ్లిన వైపు చూస్తూ నిలబడింది. దాని మూతి నుంచి నీళ్లు ఒక్కో చుక్కా రాళ్ల మీద పడుతున్నాయి.